కారులో ఉన్న అమ్మాయి

“ఫొటో ఏదిరా?”

ఎడిటర్ చెయ్యి చాచే ఉంది. ఫొటోగ్రాఫర్ కెమెరా ఇవ్వలేదు.

“తియ్యలేదు సార్.”

గదిలో కంప్యూటర్ల చప్పుడు ఆగిపోయింది. ఆ ఫొటోగ్రాఫర్‌ని అందరూ గద్ద అంటారు. శ్మశానం గోడ దూకి ఓ నటి కన్నీళ్లని, పైపు పట్టుకుని పైకెక్కి ఓ మంత్రిగారి తువ్వాలుని ఈ సాయంకాలం పత్రిక మొదటి పేజీకి మోసుకొచ్చిన మనిషి. అతని నోట ‘తియ్యలేదు’ అన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

మొన్న ఓ సినిమా హీరో కారు డివైడర్ ఎక్కింది. హీరో ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. పక్క సీట్లో ఉన్న అమ్మాయి మాత్రం ఆసుపత్రి పాలైంది. ఎవరా అమ్మాయి? హీరో నోరు విప్పలేదు. ఆసుపత్రివాళ్లు పేరు చెప్పలేదు. పత్రికలన్నీ గేటు ముందు కాపు కాశాయి. ఏసీ మెకానిక్ చొక్కా తొడుక్కుని పై అంతస్తు దాకా వెళ్లగలిగింది గద్ద ఒక్కడే.

“లోపలికి పోలేకపోయావా?”

“పోయాను. తలుపు ఓరగా తీసి ఉంది. చూశాను కూడా.”

ఎడిటర్ లేచి నిలబడ్డాడు. “చూశావా! ఎలా ఉంది?”

“కుడిచేతికి కట్టు. నుదుటి మీద కుట్లు.”

“నొప్పితో మూలుగుతోందా?”

“నిద్రపోతోంది సార్. చిన్నపిల్ల. కెమెరా ఎత్తాను గానీ, వేలు నొక్కనంది.”

“పక్కన ఎవరున్నారు?”

“వాళ్లమ్మ అనుకుంటా. మంచం అంచున కూర్చుంది.”

“ఏడుస్తోందా?”

గద్దకి ఒళ్లు మండింది. కట్లూ కుట్లూ చాలవు, ఈయనకి కన్నీళ్లు కూడా కావాలి!

“లేదు,” అన్నాడు పొడిగా.

ఎడిటర్ మళ్లీ కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. తిట్ల వర్షం మొదలవుతుందని అందరూ తలలు వంచుకున్నారు.

“గది నంబరు ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పావో, ఉద్యోగం ఊడుతుంది. అది మన దగ్గరే ఉండాలి.” వెంటనే అటు తిరిగి కేకేశాడు. “డీటీపీ అమ్మా, ఒకసారి ఇలా రండి!”

కాసేపటికి ఆఫీసు వెనక కార్లు నిలిపే చోట, తలకి స్కార్ఫు కట్టుకుని, అరువు తెచ్చిన సూట్‌కేసు పట్టుకుని, పేజీలు కూర్చే డీటీపీ ఆవిడ నిలబడి ఉంది.

“మా అమ్మాయి పెళ్లికెదిగింది సార్. ఈ వయసులో నన్ను హీరో పక్కన కూర్చోబెడతారా?”

“వెనకనుంచే కదమ్మా. ముఖం పడదు.”

“మా ఆయన గుర్తుపడితే?”

“మీ ఆయన మన పేపరు చదువుతాడా?”

“మా వీధి మొత్తానికి చదివేది ఆయనొక్కడే. పోనీ, మీ ఆవిడని నిలబెట్టచ్చుగా?”

“మా ఇంటి ఊసు ఇక్కడ వద్దు,” అన్నాడు ఎడిటర్ కటువుగా. “నువ్వు కానియ్యిరా.”

“ఇది పచ్చి అబద్ధం సార్,” అన్నాడు గద్ద.

“ఇన్నాళ్లూ హరికథలు చెప్పామా? నొక్కు!”

సాయంత్రానికి పత్రిక వచ్చింది. ‘హీరో ప్రియురాలు విమానంలో పరారీ!’ కింద, స్కార్ఫు కట్టుకున్న వీపు. ఆమె విదేశీ మోడలట, చిన్న దెబ్బలేనట, దొడ్డిదారిన జారుకుందట. ఆమెకో పేరు కూడా ఎడిటరే పెట్టాడు.

ఒక పత్రికలో పడ్డాక, నిజమా కాదా అని తక్కినవాళ్లు ఆరా తియ్యరు. ఆరా తీసేలోగా వెనకబడిపోతామని భయం. గేటు ముందు కెమెరాలన్నీ ఎయిర్‌పోర్టుకి పరుగెత్తాయి. ఒక చానెల్ ఆమెకి కాఫీ ఇచ్చిన ఎయిర్ హోస్టెస్‌ని పట్టుకుంది. ఇంకో చానెల్ చిన్ననాటి స్నేహితురాలినే పట్టుకుంది.

మర్నాడు పొద్దున గద్ద ఆసుపత్రికి వెళ్లాడు. గేటు బోసిపోయి ఉంది.

“అందరూ ఎయిర్‌పోర్టుకి పోయారుగా. మీరు పోలేదా?” అన్నాడు వాచ్‌మన్.

“నాకేం పని లేదన్నా.”

ఆ మాట అంటుంటేనే గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ పిల్ల ఇక హాయిగా ఇల్లు చేరుతుంది. ఆ ముసలినక్క తనకి తెలియకుండానే ఒక మంచిపని చేశాడు. గద్ద నవ్వుకుంటూ ఆసుపత్రి వెనక్కి నడిచాడు, టీ తాగుదామని.

వెనక గేటు లోపల ఎడిటర్ కారు ఆగి ఉంది. డ్రైవరు లేడు. స్టీరింగు ముందు ఎడిటరే కూర్చున్నాడు.

గద్ద నవ్వు ఎగిరిపోయింది. ఇదా సంగతి! అందర్నీ అటు తోలేసి, అసలు ఫొటో తనొక్కడే కొట్టేద్దామని వచ్చాడు. గది నంబరు దాచమన్నది ఇందుకా!

వెనక గుమ్మం దగ్గర లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. చక్రాల కుర్చీలో ఆ అమ్మాయి, వెనక తోస్తూ వాళ్లమ్మ. ఎడిటర్ కారు దిగి ఒక్క పరుగున అటు బయలుదేరాడు. గద్ద అంతకన్నా వేగంగా ఉరికి, చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

“ఇంకొక్క అడుగు వేశారంటే బాగుండదు సార్!”

“అడ్డు లేవరా,” అన్నాడు ఎడిటర్.

“లేవను. మీ ఉద్యోగం మీరే ఉంచుకోండి. మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే తెలిసేది మీకు!”

ఎడిటర్ చూపు గద్ద భుజం మీదుగా వెనక్కి పోయింది. అటునుంచి నీరసంగా ఓ గొంతు వినిపించింది.

“ఈయనెవరు నాన్నా?”