ఆరని బర్నర్

రాత్రి, దగ్గుతో మంచం పట్టిన అమ్మకి వేణ్నీళ్లు కాద్దామంటే స్టవ్ మంట పసుపుగా ఎగిసి గిన్నెకి మసి పట్టింది. బర్నర్ చిల్లులు సూదితో పొడిచి వెలిగిస్తే నీలంగా మండింది.

నీళ్లు కాగాక కట్టేశాను. మంట ఆరలేదు. సిలిండర్ నుంచి రెగ్యులేటర్ ఊడదీశాను. అయినా చప్పుడు లేకుండా మండుతూనే ఉంది. భయమేసి ఉఫ్‌మని ఊదాను. మంట వంగింది. గదిలో అమ్మ దగ్గు ఠక్కున ఆగింది.

మంట మళ్లీ లేచాక అమ్మ గొంతు వినిపించింది.

"ఊదకే మొద్దూ, ఊపిరాడట్లేదు."

"పొయ్యి సంగతి నీకెలా తెలుసమ్మా?"

"తెలుస్తుందిలే. ఆరనివ్వకు, తల్లీ."

ఒక చిల్లు దగ్గర మంట ఆరింది. సూదితో పొడిచాను, వెలగలేదు. పక్కదీ ఆరింది. ఒక్కోటీ ఆరుతుంటే అమ్మ దగ్గు సన్నబడుతోంది.

ఇప్పుడు ఒక్క చిల్లే మండుతోంది. రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను.

"అమ్మా, ఒక్కసారి దగ్గవే."