మొదటి ముద్ద

“నా పెళ్ళామే నాకు విషం పెడుతోందండీ!”

ఆ మాట అనేసి యలమందయ్య చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. దాచినా అవి వణుకుతూనే ఉన్నాయి.

పక్కన కూర్చున్న పెళ్ళాం రాజ్యానికి తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో నలుగురి ముందూ అన్నాడు, పడింది. పర్చూరులో బస్సెక్కి గుంటూరు దాకా వచ్చి, మనసు జబ్బులు చూసే ఇంత పెద్ద డాక్టరు దగ్గర కూడా అదే మాటా!

డాక్టరు రాధాకృష్ణమూర్తి ఎవరి మాటనీ తేలిగ్గా కొట్టిపారేసే మనిషి కాదు.

“ఎట్లా తెలిసిందయ్యా?”

“వాసనండి. మొదటి ముద్ద కలిపేటప్పుడే గుప్పుమంటుంది. మందు కొట్టిన పత్తిచేను వాసన.”

“చేలో మందు నువ్వే కొడతావా?”

“ఈ ఏడు నేను గట్టు కూడా తొక్కలేదు. అంతా మా తమ్ముడే.”

తమ్ముడు అంకమ్మరావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అవునండీ అని తలూపాడు. “పోయినేడు పత్తి తీతలు అయిపోయిన దగ్గర్నుంచీ ఇదే వరసండి. నిద్ర లేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. పళ్ళెం ఎత్తి గోడకేసి కొడతాడు.”

డాక్టరు రాజ్యం వైపు తిరిగాడు. “నువ్వూ అదే అన్నం తింటావా అమ్మా?”

“ఒక్క కుండలో అన్నం, ఒక్క గిన్నెలో పప్పు. నేనూ అదే తింటానండి. నాకేం కాలా.”

అంకమ్మరావు ఇక ఉండబట్టలేకపోయాడు. “మా వదిన సంగతి ఊరంతా తెలుసండీ! ఉన్నది ఒక్క గేదె. పాలు కేంద్రానికి పోసి, మిగిలింది చిలికి, ఆ కాస్త నెయ్యీ అన్నకే పోస్తుంది. తను నాలిక్కి కూడా రాసుకోదు. ఆయన తిండి తగ్గించేకొద్దీ ఈమె నెయ్యి పెంచింది, అదన్నా ఒంటికి పడుతుందని. ఇట్లాంటి మనిషి విషం పెడుతుందా?”

రాజ్యం తల ఎత్తలేదు. మొగుడి మాట డాక్టరు నమ్మితే తను హంతకురాలు. నమ్మకపోతే ఆయన పిచ్చివాడు. ఎటు చూసినా మునిగేది తన కొంపే.

డాక్టరు యలమందయ్య కళ్ళలోకి లైటు వేసి చూశాడు. చేతులు చాపమన్నాడు. ఇవాళ ఏ వారమన్నాడు. వందలోంచి ఏడు తియ్యి, అందులోంచి ఇంకో ఏడు తియ్యి అన్నాడు. మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడి లెక్క కట్టే మనిషి, ఎక్కడా తడుముకోలేదు.

“తెలివికి లోటు లేదు. అనుమానం ఒక్కటే పట్టుకుంది,” అన్నాడు డాక్టరు. “లేని వాసన తగలడం, కట్టుకున్నదాని మీదే నమ్మకం పోవడం... ఇదొక జబ్బమ్మా. గాలీ కాదు, చేతబడీ కాదు. నయమవుతుంది.”

“తలకి కరెంటు పెడతారా అండీ?” అంది రాజ్యం బెదురుతూ.

“ముందు మాత్రలు చూద్దాం. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచండి. ఇంటి క్యారేజీ మాత్రం వద్దు, ఆస్పత్రి కూడే పెడతాం. నీ చేతి ముద్ద చూస్తే అనుమానం ముదురుతుంది.”

ఆ మాట రాజ్యానికి కష్టంగానే తోచింది. అయినా సరేనంది. నల్లపాడులో చుట్టాలింట్లో దిగి, రోజూ వచ్చి వార్డు బయట అరుగు మీద కూర్చునేది. మొదట్లో యలమందయ్య మొహం గోడవైపు తిప్పుకునేవాడు. తర్వాత పళ్ళెం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టింది. వణుకు తగ్గింది. ఒకనాడు పొద్దున్నే కిటికీలోంచి పిలిచాడు.

“ఏమే, నువ్వు తిన్నావా?”

ఆ ఒక్క మాటకి ఆమె పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరుకీ సంతోషమే. పంపించే ముందు అడిగాడు. “వాసన సంగతేంటి?”

“ఇక్కడ అసలు రాలేదండి.”

“అక్కడా రాలేదయ్యా. నీ బుర్రలోనే వచ్చింది. మళ్ళీ వచ్చిందనిపిస్తే, ఇది జబ్బు అనుకుని ముద్ద మింగెయ్. ఆ తల్లిని ఇంకో మాటన్నావంటే ఊరుకోను!”

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం రాజ్యం పీట వాల్చింది. వేడన్నం, ముద్దపప్పు, గోంగూర. ఉట్టి మీంచి నెయ్యి డబ్బా దించింది. చీమ కూడా దూరనంత గట్టి మూత దానిది. ముచ్చటపడి ఆమే ఏరికోరి ఉంచుకుంది, బూడిదేసి తోమి, ఎండలో ఆరబెట్టి మరీ. చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా ధారగా పోసింది.

ఆయన మొదటి ముద్ద కలిపాడు. ఆగిపోయాడు. ముక్కుపుటాలు అదిరాయి. తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు.

రాజ్యం డబ్బా కింద పెట్టింది. “ఏందయ్యా?”

“ఏం లేదే,” అన్నాడు మెల్లగా. “జబ్బు.”

కళ్ళు మూసుకుని ముద్ద మింగేశాడు. ఇంకోటి తిన్నాడు. తర్వాత నవ్వుతూ పళ్ళెం ముందుకి జరిపాడు. “నిన్ను అనరాని మాటలన్నాను. ఆ చేత్తోనే ఇంకాస్త పొయ్యి, రాజ్యం.”

కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆమె మళ్ళీ వంచిన ఆ డబ్బా మీద, ఎంత గోకినా వదలని పోయినేటి పత్తి పురుగుమందు కాగితం ముక్క, పుర్రె బొమ్మతో సహా అంటుకునే ఉంది.