కోడలి వెంట వచ్చే వాసన

"వచ్చిందమ్మా గ్యాసు బండ" అంటూ అత్తగారు పాపాయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

నాగదుర్గ అప్పుడే ఇంటి తాళం తీసి లోపల అడుగుపెట్టింది. మధ్యాహ్నం నుంచి పక్కింటి అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తూ కూర్చున్న పాపాయమ్మ, కోడలు రావడం చూసి వెనకాలే వచ్చింది. రిపేరు చేయించిన కాలేజీ పంపు మోసి మోసి నాగదుర్గకి భుజం లాగేస్తోంది. దాన్ని కింద పెట్టి కుర్చీలో కూలబడింది.

అమలాపురం కాలేజీలో, కెమికల్ ఇంజినీరింగ్ ల్యాబులో ఆమె రీసెర్చ్ అసిస్టెంటు. వంటగ్యాసుకి వాసన రావడానికి కలిపే మందుని కొబ్బరిచిప్పల బొగ్గు ఎంత పీలుస్తుందో చూడటం పని. బొగ్గు సంగతేమో గానీ, నాగదుర్గ బట్టలు మాత్రం బాగానే పీల్చాయి. ఆ వాసన తన ముక్కుకి తెలియడం ఎప్పుడో మానేసింది. బస్సులో జనానికి మాత్రం తెలుస్తుంది. ఎక్కడో పైపు పగిలిందని ఓసారి కండక్టరు బస్సే ఆపేశాడు. ఇవాళ ఎవరూ దూరం జరగలేదు. పక్కసీటావిడ తన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది కూడా. ఆ మాత్రానికే నాగదుర్గకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఈ కంపు నేను భరించలేనే అమ్మాయ్. పక్కింటి వీరదుర్గ వాళ్ళు మనింటికి రావడమే మానేసేరు. ఆ ఉద్యోగం వదిలెయ్."

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి అత్తయ్యగారూ. పని ఓ కొలిక్కి వస్తుంది."

"ఆయ్, కిందటేడూ ఇదే మాట చెప్పేవు. ఉద్యోగమో, ఇల్లో, ఇవాళ తేల్చుకో."

ఇష్టపడి చేరిన ఉద్యోగం. కానీ వాదించడానికి ఒంట్లో ఓపిక లేదు.

"సరేనండి. రేపు మా సారుతో చెప్పేస్తాను."

అంత తొందరగా ఒప్పుకుంటుందని అనుకోలేదేమో, పాపాయమ్మ గొంతు మెత్తబడింది.

"మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. వెళ్ళి స్నానం చెయ్యి, ఈలోపు టీ పెడతాను" అంటూ వంటింట్లోకి నడిచింది. "ఏం కంపే తల్లీ, ఇక్కడ మరీ ఎక్కువగా ఉంది" అని లైటరు అందుకుంది.

తువ్వాలు కోసం లేచిన నాగదుర్గ అక్కడే ఆగిపోయింది. బస్సులో భుజం మీద నిద్రపోయినావిడ గుర్తొచ్చింది. ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఏంటే?"

"వెలిగించకండి. పొద్దుట్నుంచీ కాకినాడలో పంపు రిపేరు దగ్గరే ఉన్నాను. ఇవాళ నేను ల్యాబుకే వెళ్ళలేదండి."