రసీదుల గోతం

“ఇవన్నీ పొయ్యిలో ఏసెయ్ రెడ్డెమ్మా,” అంటూ పుంగనూరు దగ్గరి ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ పాత రసీదుల గోతాన్ని హాస్టల్ వంటమనిషికి ఇచ్చాడు. ఫీజులకు హద్దు పెడుతూ ఎప్పుడో చట్టం వచ్చింది; ఆ రసీదుల్లో అంతకు మించిన వసూళ్లున్నాయి. మించి వసూలు చేసిన కాలేజీ మూతపడుతుంది. రెడ్డెమ్మకు చదువు రాదని ఆయన ధీమా.

మరునాడు తనిఖీకి వచ్చిన అధికారి పక్కన భోజనానికి కూర్చున్నాక, ప్రిన్సిపాల్ రెడ్డెమ్మను మెల్లగా అడిగాడు. “కాల్చినావా?”

“బూడిద గూడా ఎత్తేసినా సార్.”

అన్నం వడ్డించి, కొంగు చాటునుంచి ఒక రసీదు పుస్తకం తీసి అధికారి కంచం పక్కన పెట్టింది.

“దీంట్లో భార్గవి పేరుండాది సూడండి సార్. నా బిడ్డ. ఇంత కట్టినా సాల్లేదని పరీక్షకు రానీలేదు. మిగతా పుస్తకాలు బియ్యం డ్రమ్ములో ఉండాయి.”

ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. “సదువు రాదంటివే!”

“రాదు సార్. ఆ ఒక్క పేరు నేర్సుకున్నాకే మీ వంటింట్లో చేరినా. మజ్జిగ పోసేదా?”