కింది గదిలో కప్పలు

“ఆ యంత్రం చేత జవాబు రాయించావంటే ఈ అన్నం గంప కిందికి తీసుకుపో. నేను ముట్టను,” అంది బువాఫన్.

కోడలు దావోన్ గంపను మంచం పక్కన పెట్టి, చొక్కా పొడుగు చేతులు సర్దుకుంది. కొడుకు ఖమ్లా ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“రేవులో అందరూ ఏఐతోనే రాయిస్తున్నారమ్మా. అతిథి అడగడం ఆలస్యం, జవాబు వెళ్ళిపోతుంది. ఏ భాష కావాలంటే ఆ భాషలో.”

“భాష మార్చిపెట్టమను. అది కూలిపని. మాట నాది, బేరం నాది.”

మెకాంగ్ నది రేవు మెట్ల పైన ఆ చిన్న బసను నిలబెట్టింది బువాఫనే. కొత్తలో ఆమెకున్న పెట్టుబడి నోరొక్కటే. పడవ దిగిన మనిషి నడక చూసి గది చెప్పేది, ముఖం చూసి ధర చెప్పేది. మంచాలు ప్రతి బసలోనూ ఉంటాయి, అతిథి డబ్బిచ్చేది తనను పట్టించుకున్నందుకని ఆమె లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

పోయిన వానాకాలం ఎవరిదో పెట్టె మోస్తూ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మేడ మీద మంచాన పడ్డాక గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద ముట్టలేదు. “ఎముక అతుక్కుంది. లేవాలన్న కోరిక ఆవిడకే పుట్టాలి,” అనేసి డాక్టర్ చేతులు దులుపుకున్నాడు. అతిథి ఒకరు మెసేజ్ పెట్టారని ఖమ్లా చదివి వినిపించిన రోజున మాత్రం దిండుకు ఆనుకుని కూర్చుంది. అప్పటినుంచి పొద్దున్నే అతిథుల మాటలు వినడం, జవాబు చెప్పడం, ఆ తర్వాతే తిండి. ఆ పని కూడా యంత్రం పట్టుకుపోతే ఇక ఆమెకు మిగిలేది గోడే.

“ఇవాళ ఏమొచ్చిందో చదువు,” అంది.

“పెనాంగ్ నుంచి ఒకామె. ముసలి తండ్రితో వస్తుందట. ఆయన మెట్లెక్కలేడు, కింద గది ఉందా అంటోంది.”

“ముందు దాని జవాబు విననీ.”

ఖమ్లా గొంతు సవరించుకున్నాడు. “‘గౌరవనీయ అతిథికి నమస్కారం. మా కింది అంతస్తులో సకల వసతులతో ప్రశాంతమైన గది సిద్ధంగా ఉంది. మీ రాక మాకు ఆనందదాయకం.’”

“మంత్రిగారి ఉపన్యాసంలా ఉంది. ఇక నాది రాయి. అమ్మాయ్, కింద గది ఉంది. వాన పడితే కప్పలు అరుస్తాయి, నిద్ర పట్టదు. స్నానాల గది నేల జారుతుంది, చాప పరిపిస్తాను. రేవు మెట్లు మీ నాన్న ఎక్కలేడు. పడవవాడికి చెప్పి ఇసుకవైపు ఆపించు, మావాడు కుర్చీలో మోసుకొస్తాడు. ధర తగ్గించను.”

“కప్పల సంగతి ఎందుకమ్మా? వచ్చేవాళ్ళు కూడా రారు.”

“వచ్చాక వాళ్ళకే వినబడతాయి కదరా. ముందు చెబితే నిజం, తర్వాత తెలిస్తే మోసం. రెండు జవాబులూ పంపు. ఏది నచ్చిందో ఆమెనే చెప్పమను.”

ఖమ్లా అటు తిరిగి చాలాసేపు ఏదో రాశాడు. ఈలోగా బువాఫన్ కిటికీలోంచి కిందికి చూసింది. మెట్ల మొదట్లో అతిథులు విడిచిన చెప్పుల వరుస కనిపించింది.

“ఆ నీలం బూట్లాయన ఇంకా ఉన్నాడా?”

“ఉన్నాడత్తయ్యా. మన వంట నచ్చిందట.”

“నచ్చినవాడు ఒకసారి పైకొచ్చి పలకరించొద్దూ? పడవ కూత కూడా వినబడదేం ఈమధ్య?”

“ఎగువన వంతెన వచ్చింది కదా. సగం మంది వ్యాన్లలోనే దిగుతున్నారు.”

“అది సరే. ఇంత ఎండలో ఆ పొడుగు చేతులేమిటే? నిన్ను మంచుదేశం నుంచి తెచ్చుకున్నానా?”

“దోమలత్తయ్యా.”

“ఇవాళ వెళ్ళేదెవరు?”

“ఒక జంట.”

బువాఫన్ దిండు కింద నుంచి తెల్లదారం తీసింది. రెండు ముక్కలు తెంపి, పెదవులు కదుపుతూ, నడిమధ్య ముడి వేసింది. ఆమె ఇంట్లో నిద్రచేసిన మనిషి మణికట్టుకు దారం లేకుండా గడప దాటిన రోజు లేదు.

“నా పేరు చెప్పి కట్టు. దీవించిన దారం, ఎక్కడైనా పడేసేవు.”

“అయ్యో, పడేస్తానా అత్తయ్యా!”

ఫోన్ మోగింది. ఖమ్లా చదివాడు. “‘మిగతా బసలన్నీ మీ మొదటి జవాబులాంటివే రాశాయి. కప్పల గురించి మీరొక్కరే చెప్పారు. మా నాన్న పొలాల పక్కన పెరిగినవాడు, ఆ అరుపులు విని చాలా ఏళ్ళయిందట. మీ దగ్గరికే వస్తాం. మీరు అతిథులకు దారం కడతారని విన్నాం, ఒక్క కోరిక. వెళ్ళేటప్పుడు నాన్నకు మీరే స్వయంగా దారం కట్టాలి.’”

బువాఫన్ దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకుంది.

“చూశావురా, ఓడిపోయింది నీ యంత్రం.”

“ఓడిపోయిందమ్మా.”

ఆమె దుప్పటి తీసేసి రెండు కాళ్ళూ నేలమీద ఆనించింది. పట్టుకోబోయిన కోడలి చేయి విదిలించింది. మంచం కోడు పట్టుకుని లేచింది. తనంతట తానే నిలబడింది.

“ఎప్పుడొస్తారట?”

“వానలు మొదలయ్యాక.”

“ఆలోగా మెట్లు దిగుతాను. నా చేత్తోనే కడతానని రాసెయ్.” అంటూనే కూర్చుని అన్నం గంప దగ్గరికి లాక్కుంది.

కింద వంటింట్లో దావోన్ చొక్కా చేతులు పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లదారాలే. అత్త ఇచ్చిన రెండింటినీ వాటి పక్కనే పెట్టి, పళ్ళతో ముడి బిగించుకుంది.

“దిగి వస్తానంటోంది. వస్తే ఖాళీ గదులు కనబడవూ?”

ఖమ్లా మెట్ల దగ్గర వంగి నీలం బూట్లను ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపాడు. “రానీ. నన్ను తిట్టడానికైనా దిగి రానీ.”

ఫోన్ తీసి, రేపటికి ఇంకో అతిథిని రాయమని యంత్రానికి చెప్పాడు.