పేరు పడని రాళ్లు

“ఆ మాట తీసెయ్యి బాబూ,” అంది ఆవిడ.

సమాధి రాళ్లు చెక్కే మేస్త్రి ఉలి కింద పెట్టాడు. ఆవిడ కొడుకు కోసం తీసిన రాయి మీద ‘వీరుడు’ అని లోతుగా చెక్కి ఉంది. ఇక పేరు పడటమే తరువాయి.

“తుడిచెయ్యడానికి ఇదేమన్నా పలకా అమ్మా?”

మేస్త్రిది మహా ముందుచూపు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి, చేతిలో పని లేనప్పుడల్లా ఆ ఒక్క మాటా చెక్కి రాళ్లను గోడకు ఆనించి పెడుతున్నాడు. చనిపోయిన సైనికుడి ఇంటివాళ్లు రాగానే కింద పేరు చెక్కి ఇస్తే సరి. వచ్చినవాళ్లందరూ ఆ మాటను చేత్తో తడుముకుని వెళ్లినవాళ్లే. ఇంతవరకూ వద్దన్నవాళ్లు లేరు.

ఆవిడ ఏడవలేదు. ఏడుపు ఇంటి దగ్గరే అయిపోయింది. కొడుకు సైన్యంలో వంటవాడని, కూరగాయల లారీ బోల్తాపడి పోయాడని పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది.

“అయితేనేం? యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ వీరుడేనమ్మా.”

“మావాడు బల్లిని చూస్తే మంచమెక్కేవాడు. ఈ రాయి దగ్గర కూర్చుంటే ఎవరి కొడుకు దగ్గరో కూర్చున్నట్టుంటుంది. నాకు నా కొడుకు కావాలి.”

మేస్త్రికి ఒళ్లు మండింది. కన్నతల్లే ఇలా అంటే నలుగురూ ఏమనుకుంటారని అడిగాడు. దేశం మొత్తం నెత్తిన పెట్టుకుంటుంటే ఈవిడకేం పోయేకాలమని లోపల విసుక్కున్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. గోడకు ఆనించిన రాళ్ల వరస చూస్తోంది.

“వాటి మీద పేర్లు లేవేం?”

“ఇంకా రాలేదమ్మా.”

“అంటే వాళ్లింకా బతికే ఉన్నారన్నమాట.”

మేస్త్రి కూడా ఆ వరసకేసి తిరిగి చూశాడు. చెక్కింది తనే అయినా, ఆ రాళ్లను ఎప్పుడూ అలా చూడలేదు.

అంతలో ఇంట్లోంచి అతని కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. ఒంటి మీద కొత్త యూనిఫాం. మడతలు ఇంకా పోలేదు.

“రేపే బయల్దేరమన్నారు నాన్నా. ఎలా ఉన్నాను?”

మేస్త్రి గబుక్కున లేచి, ఆ రాళ్లు వాడికి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

“తీసేస్తానమ్మా,” అన్నాడు ఆవిడతో. “అన్నిటి మీదా తీసేస్తాను.”