పన్నెండింటికి ఆగిపోయే లాప్‌టాప్

ఆదివారం ఉదయం ఆమె తన భర్త లాప్‌టాప్‌ను రిపేరు షాపుకు తెచ్చింది. "ఆఫీసులో పన్నెండింటికల్లా ఆగిపోతోందట. ఆయనకేమో తీరికే ఉండదు," అంది.

మెకానిక్ వేరే ఛార్జర్ పెట్టి చూశాడు. తేడా లేదు. బ్యాటరీ రిపోర్టు తెరిచాడు. ఎప్పుడు ఛార్జింగ్ పెట్టిందీ, ఎంతసేపు వాడిందీ తేదీలవారీగా అందులో ఉంటుంది.

"నాలుగు నెలలుగా పగలు ఒక్కసారీ ఛార్జింగ్ పెట్టలేదు మేడమ్. తొమ్మిదిన్నరకి ఆన్ చేసి, ఆగిపోయేదాకా పిండేస్తున్నారు. ఆఫీసువాళ్లు సార్‌ని చెట్టుకింద గాని కూర్చోబెట్టారా?"

పెళ్లికి ముందు ఆమె పనిచేసిందీ ఆ ఆఫీసులోనే. బల్లకి రెండు ప్లగ్గులుండేవి.

"అంతకుముందు?"

"రోజంతా ఛార్జర్ మీదే నడిచింది. మార్చి నాలుగు నుంచే ఇలా."

మార్చి మూడు సాయంత్రమే ఆయన ఆఫీసులో వాడే కాఫీ కప్పు ఇంటికి తెచ్చేశాడు. అక్కడ కొత్తవి ఇచ్చారన్నాడు.

"కొత్త బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?"

"ఆరు గంటలు. ఛార్జర్ వెంట తీసుకెళ్లమనండి, చాలు."

"ఆయన కూర్చునే చోట ప్లగ్గుండదు," అంది ఆమె. "సాయంత్రం ఆరుదాకా వచ్చేది వెయ్యండి. నేను ఈ రిపోర్టు చూసినట్టు మాత్రం ఆయనకి చెప్పకండి."